రోడ్డు కంటే అడుగు పల్లం: కాలనీ పార్కులో వానమడి డైరీ

ఏప్రిల్ మొదటి వారం: లెవల్

వాన నీళ్లను పల్లంలో పట్టి నేలలోకి ఇంకించే మడి కట్టిన పని డైరీ ఇది. స్థలం హైదరాబాద్‌లో ఒక కాలనీ పార్కు. దాదాపు 2,400 గజాలు. రెండు వైపులా సీసీ రోడ్డు, ఒక మూల కమ్యూనిటీ హాలు. గట్టి వాన పడితే హాలు ముందు పిక్కల దాకా నీళ్లు. ఎండాకాలంలో అదే పార్కు లాన్ కోసం 5,000 లీటర్ల ట్యాంకర్లు వస్తాయి.

లెవల్ ట్యూబ్ (ఎత్తు తేడా చూసే నీళ్ల గొట్టం) పట్టగానే కారణం దొరికింది. పార్కు నేల రోడ్డు అంచు కంటే 25 సెం.మీ. ఎత్తుంది. ఎర్రమట్టి పోసి, లాన్ పరిచి, చుట్టూ కర్బ్ కట్టి పార్కును అరుగులా తయారుచేశారు. రోడ్డు మీద పడ్డ వాన లోపలికి రాదు సరికదా, పార్కులో పడ్డది కూడా రోడ్డుకే పోతుంది. నగరంలో చాలా పార్కుల పరిస్థితి ఇదే. పాతకాలం తోటలు దీనికి తలకిందులు: నాలుగు భాగాలుగా వేసే మొగలుల తోట, చార్‌బాగ్‌లో నడకదారి ఎత్తులో ఉండేది, మొక్కల మడి పల్లంలో ఉండేది. కాలువ వదిలితే మడులు వాటంతటవే నిండేవి.

రెయిన్ గార్డెన్ అని కాగితాల మీద రాస్తున్నదాన్ని సైటులో మేం వానమడి అన్నాం. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు ‘ఇన్‌లెట్’, ‘ఓవర్‌ఫ్లో’ అని విప్పి చెప్పేకన్నా తూము (నీళ్లు లోపలికొచ్చే నోరు), మత్తడి (నిండితే పొర్లిపోయే చోటు), కట్ట (చుట్టూ గట్టు) అంటే చాలు. నిజానికి ఇది చిన్న చెరువే. తేడా ఒక్కటే, చెరువులో నీళ్లు నిలవాలి, ఇందులో ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి.

అదే వారం: ఎన్ని నీళ్లు

చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. ఇది గుర్తుంటే లెక్క కష్టం కాదు. హాలు కప్పు 180 చ.మీ., మడి వైపు వాలే రోడ్డు, పేవర్ల దారి కలిపి 420 చ.మీ. ఒక్క విడతలో 30 మి.మీ. వాన పట్టాలని అనుకున్నాం. కప్పు మీద పడిన దాంట్లో పదో వంతు, రోడ్డు మీద పడిన దాంట్లో 15 శాతం తడికీ గుంతలకీ పోతుందని తీసేస్తే:

కప్పు: 180 × 30 × 0.9 = 4,860 లీటర్లు
రోడ్డు, దారి: 420 × 30 × 0.85 = 10,710 లీటర్లు
మొత్తం సుమారు 15,600 లీటర్లు.

మడి అడుగు 12 మీటర్లు × 5 మీటర్లు, అంటే 60 చ.మీ. పైన 20 సెం.మీ. నీళ్లు నిలిస్తే 12,000 లీటర్లు. 45 సెం.మీ. మట్టి మిశ్రమంలో ఐదో వంతు ఖాళీ అనుకుంటే 5,400. కింద 20 సెం.మీ. కంకరలో 35 శాతం ఖాళీకి 4,200. మొత్తం 21,600. అవసరానికి మించి 6,000 లీటర్లు ఎందుకంటే, మొదటి వాన నీళ్లు ఇంకకముందే రెండోది రావచ్చు, ఏటా కొంత చోటు పూడికకు పోతుంది.

ఏప్రిల్ రెండో వారం: ఇంకుడు పరీక్ష

మూడు చోట్ల అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంతలు. ముందురోజు సాయంత్రం నింపి రాత్రంతా నాననిచ్చాం. ఈ పని ఎగ్గొడితే పొడి మట్టి గబగబా తాగేసి అంకె తప్పు చూపిస్తుంది. మర్నాడు మళ్లీ నింపి, లోపల స్కేలు నిలబెట్టి, గంటకోసారి చూశాం.

గేటు దగ్గర గుంతలో గంటకు 6 మి.మీ. తవ్విన మట్టిలో ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు, ఒక చెప్పు దొరికాయి. ఎప్పుడో భవన శిథిలాలు పోసి పైన మట్టి కప్పారు. మధ్యలో 28 మి.మీ., బోరు వైపు 31 మి.మీ. ఆ రెండు చోట్లా గుంత అడుగున మంచి మొరం (నీళ్లు తాగే గరుకు మట్టి) తగిలింది. బోరు పక్కన మడి పెట్టలేదు. రోడ్డు నీళ్లలో ఆయిలూ టైరు పొడీ ఉంటాయి. వాటిని మట్టి వడకట్టాలి గానీ బోరు కేసింగ్ పక్కనుంచి నేరుగా దిగనివ్వకూడదు. అందుకని మధ్యది ఖాయం చేశాం. హాలు పునాదికి మూడు మీటర్లకు పైనే దూరం.

మడి నిండా ఉన్న నీళ్లు 60 చ.మీ. మీద 360 మి.మీ. కింద లెక్క. గంటకు 28 మి.మీ. చొప్పున ఇంకడానికి 13 గంటలు. కాలం గడిస్తే ఇంకే వేగం తగ్గుతుంది కనుక సగమే పట్టుకుని 26 గంటలు అనుకున్నాం. దోమ గుడ్డు పెట్టి, పిల్ల రెక్కలతో ఎగరడానికి వేడిలో కూడా వారం దాకా కావాలి. కాబట్టి 48 గంటలు దాటనంత వరకు దోమల భయం లేదు.

ఏప్రిల్ మూడో వారం: అంకెలు గోడ మీద

రోడ్డు అంచును సున్నాగా పెట్టి, హాలు గోడ మీద పెయింటుతో గీతలు గీశాం. కాగితం పోతుంది, గోడ పోదు.

కట్ట పైభాగం: 0
తూము అడుగు: 5 సెం.మీ. కిందికి
మత్తడి: 10 సెం.మీ. కిందికి
మట్టి పైభాగం: 30 సెం.మీ. కిందికి
తవ్వకం అడుగు: 102.5 సెం.మీ. కిందికి

ఈ వరసలో ఏ రెండు తారుమారైనా పని చెడుతుంది. మత్తడి తూము కంటే ఎత్తయితే నిండిన మడి నీళ్లు రోడ్డు మీదికి ఎదురు తంతాయి. కట్ట ఎక్కడ తక్కువైతే నీళ్లు అక్కడే తెంపుకుంటాయి.

మత్తడి వెడల్పు ఒక మీటరు. గంటకు 100 మి.మీ. చొప్పున కుంభవృష్టి కురిసినా 600 చ.మీ. నుంచి సెకనుకు 14, 15 లీటర్లే వస్తాయి. మీటరు వెడల్పు మత్తడి మీద అది నాలుగు సెం.మీ. మందంతో పారుతుంది. తూము అడుగుకు ఇంకా ఒక సెం.మీ. కింద. అంచు మీద ఉన్న లెక్కే, అయినా సరిపోతుంది.

పైపు కాకుండా రాతి మత్తడి ఎందుకంటే, పక్క డ్రెయిన్ గోడ మీద పాచి గీత సున్నాకు 35 సెం.మీ. కింద ఉంది. పెద్ద వానలో నీళ్లు అక్కడి దాకా లేస్తాయన్నమాట. కంకరలో అట్టడుగున నీళ్లు బయటికి తీసే పైపు (అడుగు పైపు) వేసి డ్రెయిన్‌కు కలిపితే వానలో మురుగు వెనక్కి తన్ని మడిలోకి వచ్చేది. అడుగు పైపు ఆలోచన అక్కడే ఆగిపోయింది. కింద మొరం తాగుతోంది కాబట్టి అవసరం కూడా లేదు. నల్లరేగడి ఉన్నచోట ఈ సౌకర్యం ఉండదు, అక్కడ డ్రెయిన్ లోతు చూసుకుని అడుగు పైపు వేయాల్సిందే.

ఏప్రిల్ చివర: తవ్వకం

ఎత్తుగా పోసిన 25 సెం.మీ. కూడా కలుపుకుంటే లోతు 127.5 సెం.మీ. అంటే 76 ఘనపు మీటర్లకు పైనే. తవ్విన మట్టి పొంగుతుంది గనుక ట్రాక్టరుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున 32 ట్రిప్పులు. మంచి ఎర్రమట్టి రెండు ట్రాక్టర్లకు పైగా పక్కన పెట్టుకుని, కట్టకు కావలసింది ఉంచుకుని, మిగతాది పంపేశాం.

జేసీబీని గుంతలో దింపనివ్వలేదు. బయట నిలబడి చెయ్యి చాచి తవ్వాలి. చక్రాల కింద మొరం అణిగితే ఇంకుడు పరీక్ష అంకె ఇక పనికిరాదు. ఆఖరి జానెడు లోతు కూలీలు గడ్డపారతో తవ్వారు. బకెట్ పళ్లు నున్నగా రుద్దిన చోట అడుగంతా అద్దంలా మెరిసింది. ఆ మెరుపు మంచిది కాదు, నీళ్లు దాని మీద జారతాయి. అడుగంతా గడ్డపారతో పొడిచి గరుకు చేయించాం.

మేస్త్రీకి ఈ పల్లం నచ్చలేదు. “సార్, ఇంత లోతు పెడితే నీళ్లు నిలుస్తయి” అన్నాడు. అందుకే కదా అని చెప్పినా, రెండు రోజులు గట్టు మీద నిలబడి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

మే మొదటి పక్షం: నింపడం

అడుగున 40 మి.మీ. కంకర, 20 సెం.మీ. మందం: 12 ఘనపు మీటర్లు, సుమారు 424 ఘనపుటడుగులు. దాని మీద బేబీ చిప్స్ (సన్న కంకర) 7.5 సెం.మీ.: 159 ఘనపుటడుగులు. రెండూ కడిగినవే. క్రషర్ నుంచి వచ్చిన కంకరకు అంటిన రాతిపొడి కిందికి దిగి మొరం మీద పొరలా పేరుకుంటుంది. కడిగిన నీళ్లు గుంతలోకి పోకుండా దూరంగా, వాలు ఉన్న చోట కడిగించాం. కంకరకూ మట్టికీ మధ్య గుడ్డ పరవమని చాలామంది చెబుతారు. పరవలేదు. మన రోడ్డు ధూళికి ఆ గుడ్డ రెండు మూడేళ్లలో మూసుకుపోతుంది, అప్పుడు మొత్తం తవ్వితే గానీ తీయలేం. బేబీ చిప్స్ పొర అదే పని చేస్తుంది.

ఒక మూల 110 మి.మీ. పీవీసీ పైపుకు చిల్లులు పెట్టి కంకర అడుగు దాకా నిలబెట్టాం. పైన మూత. కర్ర దింపి చూస్తే లోపల నీళ్లు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. చవకలో ఇంతకంటే మంచి కొలత లేదు.

మట్టి మిశ్రమం తట్టల లెక్కన: మూడు తట్టల ఇసుక, ఒక తట్ట ఎర్రమట్టి, ఒక తట్ట మాగిన ఎరువు. 27 ఘనపు మీటర్లు కావాలి. కుంగుతుంది గనుక 31 కలిపాం. అందులో ఇసుక 18.6, మిగతా రెండూ 6.2 చొప్పున. ఇసుక ఆరు ట్రాక్టర్లు వచ్చాక ఏడోది నది ఇసుక దొరక్క రోబో సాండ్ (రాతిని పొడి చేసిన ఇసుక) వచ్చింది. సీసా పరీక్ష చేశాం: సగం ఇసుక, సగం నీళ్లు, గట్టిగా ఊపి మూడు గంటలు పక్కన పెట్టడం. నది ఇసుక సీసాలో పైన పలుచని గీత. రోబో సాండ్ సీసాలో వేలెడు బూడిదరంగు పొర, నీళ్లు సాయంత్రానికి కూడా తేటపడలేదు. వెనక్కి పంపమన్నాం. అప్పటికే కొంత కలిపేశారని జులైలో తెలిసింది.

రెండు విడతలుగా పోసి, ఒక్కో విడతనూ నీళ్లతో తడిపి కుంగనిచ్చాం. దిమ్మిస వేయలేదు. మనిషి నడవాలన్నా చెక్క మీదే నడవాలి.

మే చివర: నడిచేవాళ్ల కోసం

ఇది నలుగురూ తిరిగే చోటు. నీళ్ల లెక్క ఎంత ముఖ్యమో ఇదీ అంతే. కట్ట లోపలి వాలు మూడుకు ఒకటి, పిల్లాడు జారినా లేచి రాగలడు. మడి మీదుగా నాలుగడుగుల వెడల్పున షాబాదు బండల దారి. నున్న వైపు కింద, గరుకు వైపు పైన. తడిసిన నున్న బండ మీద పెద్దవాళ్లు పడితే తుంటి విరుగుతుంది. పార్కు అంచు నుంచి తీసేసిన పాత గ్రానైట్ కర్బ్ రాళ్లను మత్తడి పక్కన వరసగా పెట్టి కూర్చునే అరుగు చేశాం. వాన వచ్చిన సాయంత్రం జనం కూర్చునేది అక్కడే, పారే నీళ్లు కనబడతాయి కదా.

జూన్: మొక్కలు

పది రోజులు నీళ్లలో నానినా, నెల ఎండినా బతికేవే అడుగుకు పనికొస్తాయి. అలాంటివి మన వాగుల పక్కనే ఉన్నాయి. కట్ట లోపలి అంచు 34 మీటర్లు, 15 సెం.మీ. ఎడంతో వట్టివేరు పిలకలు. 227 కావాలి, 250 తెచ్చాం. పిలకకు రెండు మూడు కాడలు, జానెడు ఎత్తుకు కత్తిరించి నాటాలి. అడుగున మెట్టతామర గుంపులు. వాలు మీద వావిలి, మధ్యలో గరిక. రెండు తెల్లమద్దులు, ఒక కానుగ కట్టకు మూడు మీటర్ల అవతల. కట్ట మీద చెట్టు పెడితే వేరు కట్టను చీలుస్తుంది. నేరేడు వద్దనుకున్నాం, దారి మీద పండ్లు రాలి ఊదా మరకలు, జారుడు.

కమిటీ కోరిక మీద పైవాలులో డురంటా (కంచె మొక్క) కొన్ని, మందారాలు కొన్ని వేశాం. కడియం నుంచి వచ్చిన మొక్కలు, వేళ్ల చుట్టూ జిగురు ఒండ్రుమట్టి ముద్ద. ఆ ముద్దను విప్పకుండానే నాటారు.

తూములకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టాం. వేళ్లు పట్టకముందే రోడ్డు నీళ్లు వదిలితే మిశ్రమం కొట్టుకుపోతుంది. ఆరు వారాలు అనుకున్నాం, నాలుగు వారాలకే తీయాల్సి వచ్చింది. హాలు ముందు నీళ్లు చూసి కాలనీవాళ్లు ఊరుకోలేదు.

జులై: మొదటి పెద్ద వాన

వాన కొలవడానికి పెట్టిన నిలువు గోడల డబ్బాలో 38 మి.మీ. మడి సగం కూడా నిండలేదు. హాలు ముందు మాత్రం ఎప్పటిలాగే నీళ్లు.

రెండు తూముల్లో ఒకటి బాగానే తాగింది. రెండోదాని ముందు నుంచి నీళ్లు పలకరించకుండా వెళ్లిపోయాయి. స్కేలు పెట్టి చూస్తే, తూము అడుగు ప్లాస్టరింగ్ చివర్లో అరంగుళం పైకి లేచింది. మేస్త్రీ చేతి అలవాటు, అంచు నున్నగా తేల్చాడు. అదొక్కటే కాదు. ఆ రోడ్డు వాలు నిలువునా నూటికి రెండు. నీళ్లు వేగం మీద ఉంటాయి, 45 సెం.మీ. నోరు వాటికి పక్కదారిగా కనబడదు. ప్లాస్టర్ పగలగొట్టి తూము అడుగును గోడ మీది గీత ప్రకారం రోడ్డు అంచుకు 5 సెం.మీ. కిందికి దించాం. నోటిని వాలుకు ఎదురుగా ఏటవాలుగా 60 సెం.మీ.కు వెడల్పు చేశాం. తూము దాటగానే రోడ్డు అంచున రెండు సెం.మీ. ఎత్తు, చెయ్యెడు వెడల్పు సిమెంటు గట్టు వేయించాం. పొలంలో మడవ తిప్పినట్టే. స్కూటర్‌కు తగలదు, నీళ్లకు తగులుతుంది. తర్వాతి వానలో రెండు తూములూ పారాయి.

మొదటి మూడు వానల్లోనే తూము లోపలి పూడిక గుంతల్లో 9 సెం.మీ. మట్టి. ఒక్కోటి మీటరు × మీటరు, అడుగు లోతు, అడుగున రాళ్లు. ఈ గుంతలే లేకపోతే ఆ మట్టంతా మడి మీద పరుచుకునేది. తీసిన దాంట్లో వేపాకు, సన్న ఇసుక, గుట్కా కవర్లు, చిప్స్ ప్యాకెట్లు. ఊళ్లో చాలా ఇంకుడు గుంతలు పనిచేయకపోవడానికి కారణం ఇదే. గుంత తవ్వుతారు, కంకర పోస్తారు, పూడిక ఆగే చోటు పెట్టరు, తీసే మనిషిని పెట్టరు.

జులై చివర: 30 గంటలైనా ఇంకని మూల

పడమటి మూల ఎనిమిది చ.మీ. మేర నీళ్లు 30 గంటల తర్వాత కూడా నిలిచాయి. పరిశీలన పైపులో కర్ర దింపితే అడుగు ఖాళీ. అంటే కింద తాగుతోంది, పైన దిగడం లేదు. నీళ్లు తోడి చూస్తే మట్టి మీద మూడు మి.మీ. మందాన బూడిదరంగు పెచ్చు. వేలితో లేపితే అప్పడంలా విరిగింది. ఏడో ట్రాక్టరు రోబో సాండ్ పొడి. పళ్ల పారతో గీకితే ఒక వాన వరకు బాగుంది, మళ్లీ పెచ్చు కట్టింది. చివరికి అక్కడ పై 10 సెం.మీ., అంటే 0.8 ఘనపు మీటరు తీసేసి నది ఇసుకతో కలిపిన మిశ్రమం పోశాం. ఆ తర్వాతి వానకు 17 గంటల్లో ఇంకింది.

ఆగస్టు: దోమల ఫిర్యాదు

మడి వల్ల దోమలని రెండు ఫిర్యాదులు. టార్చి, తెల్ల గరిటె పట్టుకుని పార్కంతా వెతికాం. మడిలో నీళ్లే లేవు. పురుగులు దొరికింది పరిశీలన పైపు మూతలో. ఎవరో తీసి వెల్లకిలా పడేశారు, గుక్కెడు నీళ్లు పట్టాయి. వెలుగు పడగానే పదిహేను ఇరవై పురుగులు ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. ఇంకా ట్రీగార్డు కింద టీ కప్పులు, హాలు వెనక టార్పాలిన్ మడతలు. మూతను స్క్రూతో బిగించాం, టార్పాలిన్ తీయించాం. మడి పక్క బోర్డు మీద ఒక వాక్యం చేర్చాం: వాన తర్వాత రెండు రోజులు దాటి నీళ్లు ఉంటే వాచ్‌మన్‌కు చెప్పండి.

సెప్టెంబరు: తేలిన ఆకులు

తేమ కోసం మట్టి మీద ఎండుటాకులు పరిచాం. పనికిరాని ఆలోచన. మొదటి నిండుకే ఆకులన్నీ తేలి మత్తడి నోట్లో చేరాయి. నీళ్లు కట్ట పైనుంచి పొర్లాయి, ఒకచోట బెత్తెడు కోత. ఆకులు తీసేసి, పీచు పొడవుగా ఉన్న కొబ్బరి పీచు పరిచి, తూము ముందర మీటరు మేర కంకర పోశాం. కోత పడిన చోట గరిక దుబ్బులు పెట్టాం.

వట్టివేరులో 19 పిలకలు పోయాయి, అన్నీ తూము ఎదుటివే. మిగిలిన 23లోంచి తెచ్చి, ఈసారి రాళ్ల మధ్య నాటాం. డురంటా మొదళ్లు కుళ్లాయి, ఊహించిందే. ఎర్రమట్టితో తుంగగడ్డలు వచ్చి లాన్‌లోకి పాకుతున్నాయి. ఎవరూ నాటలేదు. పైపైన పీకితే గడ్డ లోపలే ఉండి రెట్టింపు మొలుస్తుంది, గునపంతో గడ్డతో సహా తీయాలి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకిస్తున్నాం, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి.

నవంబరు

మందారాలు వాడాయి. పక్క మట్టి తడిగానే ఉంది. ఒకదాన్ని తవ్వి చూస్తే, ఒండ్రుమట్టి ముద్ద ఇటుకలా ఎండింది, చుట్టూ ఇసుక మిశ్రమం చల్లగా తడి. నీళ్లు ముద్దలోకి దిగకుండా చుట్టూ జారిపోతున్నాయి. మిగిలిన ఏడింటినీ తీసి, బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, ముద్ద సగం విదిల్చి మళ్లీ నాటాం. అయిదు చిగురు వేశాయి.

వట్టివేరు నడుమెత్తు దాటింది. మార్చిలో మోకాలెత్తుకు కోయాలి, కోసిన గడ్డి మడిలో వేయకూడదు. పూడిక గుంతలు మే చివర్లో ఒకసారి, జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి. ఆ పని వాచ్‌మన్ జీతంలోకి చేర్చమని కమిటీకి రాశాం, జవాబు రాలేదు. మత్తడి రాళ్లలో ఒకటి వదులైంది, అది కదిలితే మత్తడి లెవల్ రెండు సెం.మీ. పడుతుంది. గోడ మీది గీతతో మళ్లీ ట్యూబ్ పట్టి, బిగించాలి.